పాట్స్‌కి (లేచి నిలబడితే గుండె వేగం బాగా పెరిగే జబ్బు) యాంటీబాడీ టెస్ట్ చేయించారా ఎవరైనా?

లేస్తే_దడ: నిన్న టిల్ట్ టేబుల్ (బల్ల మీద పడుకోబెట్టి నిలువుగా లేపే పరీక్ష) అయింది. పడుకుంటే గుండె వేగం నిమిషానికి 74, నిలబెట్టిన ఏడో నిమిషానికి 121. బీపీ పడలేదు. పాట్సే అన్నారు. కొవిడ్ తర్వాత మొదలైంది. అడ్రినర్జిక్ రిసెప్టర్ (కణాల మీద అడ్రినలిన్‌ని అందుకునే ప్రొటీన్) యాంటీబాడీల టెస్ట్ చేయించాలా? హైదరాబాద్‌లో దీన్ని ఓపిగ్గా చూసే న్యూరాలజిస్టు ఎవరు?

గోడపట్టుకుని: నేను చేయించా. శాంపిల్ జర్మనీకి వెళ్ళింది. బిల్లు చూసి మా ఆయనకి దడొచ్చింది. ఆల్ఫా-1 (ఆ రిసెప్టర్లలో ఒక రకం) పాజిటివ్! నాలుగేళ్ళు "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్నవాళ్ళకి చూపించడానికి ఓ కాగితం దొరికిందని ఏడ్చేశా. 2019లో అమెరికాలోని టొలీడో వాళ్ళ పేపర్లో 55 మంది పాట్స్ పేషెంట్లలో 89 శాతానికి ఇదే.

ఎలైజా_బాబాయ్: ఇరవై ఏళ్ళుగా ఎలైజా (రక్తంలో యాంటీబాడీల్ని ప్లేటుకి అంటించి పట్టే ల్యాబ్ పరీక్ష) ప్లేట్లు కడుగుతున్నవాణ్ణి, వినండి. 2022లో కెనడాలోని కాల్గరీ వాళ్ళు ఎలైజా కిట్‌తోనే 116 మంది పాట్స్ పేషెంట్లనీ, 81 మంది ఆరోగ్యవంతుల్నీ పరీక్షించారు. ఆల్ఫా-1 పాజిటివ్ వచ్చింది పేషెంట్లలో 98.3 శాతానికి. ఆరోగ్యవంతుల్లో నూటికి నూరు! మీ ఆయన రక్తం పంపినా పాజిటివే.

గోడపట్టుకుని: అంటే నాది నాటకమా?

ఎలైజా_బాబాయ్: జబ్బునెవరన్నారు తల్లీ, కిట్‌ని అన్నా. ప్లేటుకి యాంటీబాడీ అంటుకుంటే సరా? బతికున్న కణంలో రిసెప్టర్‌ని కదిలిస్తోందా అన్నది అసలు సంగతి. ఓక్లహోమా వాళ్ళు 2014లో చూసింది 14 మందినే, కానీ ఆ పని చూశారు.

గుంటూరు_అమ్మ: అవన్నీ సరే. మా పిల్లకీ పాట్సే, ఒంట్లో నీరు నిలవాలని రోజుకి 10 గ్రాముల ఉప్పు రాశారు. మా అత్తగారేమో ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశారు. "పదహారేళ్ళకే బీపీ తెప్పిస్తావా" అట.

కారంపొడి: ఆవకాయ పెట్టండి, పనైపోతుంది.

గుంటూరు_అమ్మ: కడుపులో మంట మీరొచ్చి చల్లారుస్తారా? మజ్జిగలో కలిపిస్తున్నా, దొంగతనంగా.

కారంపొడి: మంచి చెప్తే మీద పడతారేంటండీ!

డాలస్_కోడలు: ఇక్కడ పాట్స్‌కి ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి ఎక్కించే యాంటీబాడీలు) ట్రయల్ చేశారు, 30 మందితో. కొందరికి ఐవీఐజీ, పోలిక కోసం కొందరికి ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఓ ప్రొటీన్). చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

గోడపట్టుకుని: ఆల్బుమిన్ ఎక్కిస్తే రక్తనాళాల్లో నీరు నిలిచి మనకి హాయిగానే ఉంటుంది. అదేం పోలిక?

ఎలైజా_బాబాయ్: ఇది మాత్రం పాయింటే.

లేస్తే_దడ: డాక్టరు సంగతి ఎవరూ చెప్పరా?

కారంపొడి: ముందు రక్తం కాళ్ళలోకి దిగిపోకుండా తొడల దాకా వచ్చే టైట్ సాక్సులు కొనండి. మే నెలలో వేసుకుని చూపిస్తే దండం పెడతా.

గోడపట్టుకుని: బాబాయ్ గారూ, మా ఆయన రక్తం నిజంగానే పంపిస్తున్నా. నెగెటివ్ వస్తే బిల్లు మీదే.