పిన్‌బాల్ మెషిన్‌కి కొత్త ఎల్ఈడీ డిస్‌ప్లే వేశాక గీతలు వస్తున్నాయి

నరసాపురంలో మా షాపులో 1990ల నాటి పిన్‌బాల్ మెషిన్ ఉంది, డబ్ల్యూపీసీ (విలియమ్స్ కంపెనీ వాడిన సర్క్యూట్) బోర్డులది. పాత ప్లాస్మా డిస్‌ప్లే మసకబారిపోతే 128×32 చుక్కల ఎల్ఈడీ డిస్‌ప్లే తెప్పించి వేశాను. ఆన్ చేయగానే బొమ్మ చక్కగా వస్తుంది. పది నిమిషాలయ్యేసరికి వరస విడిచి వరస మినుకుమినుకుమంటూ గీతలు మొదలవుతాయి. ఫ్లిప్పర్ (బంతిని కొట్టే రెక్క) వరసగా రెండు మూడుసార్లు కొడితే డిస్‌ప్లే మొత్తం ఒక క్షణం ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది.

14 పిన్నుల రిబ్బన్ కేబుల్ మార్చాను. కేబుల్ అంచున ఉండే ఎర్ర గీత రెండు చివర్లా ఒకటో పిన్ను వైపే ఉంది. ఇక్కడి ఉప్పుగాలికి పవర్ కనెక్టర్ పిన్నులు చిలుమెక్కాయి, శుభ్రంగా తుడిచాను. ఒక రోజు బాగుంది, మళ్లీ అదే గోల. పాత డిస్‌ప్లేకి కావలసిన హై వోల్టేజి దీనికి అక్కర్లేదు కాబట్టి ఆ ఫ్యూజులు తీసేశాను. స్టెబిలైజర్ ఉంది, కరెంటు 230 దగ్గర నిలకడగానే వస్తోంది.

నాకు అనుమానంగా ఉన్నది 5 వోల్టుల లైను. డిస్‌ప్లే దగ్గర మొదట 4.95 చూపిస్తుంది, గీతలు వచ్చేటప్పటికి 4.70, ఫ్లిప్పర్ కొడితే ఇంకా పడిపోతుంది. అదే సమయంలో బోర్డు దగ్గర చూస్తే 4.98, కదలదు.

ఆ కనెక్టర్, తీగలు కొత్తవి వేస్తే సరిపోతుందా, లేక డిస్‌ప్లేకి విడిగా 5 వోల్టుల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) పెట్టి గ్రౌండ్ కలపాలా?