చర్చ: కుక్కకు మాట వినడం నేర్పాలంటే చోక్ చైను తప్పదా?

బెజవాడ లాబ్రడార్

మా ఇంట్లో పద్నాలుగు నెలల లాబ్రడార్ ఉంది. మగది, 31 కిలోలు. మేముండేది అపార్టుమెంటు నాలుగో అంతస్తులో. బయటికి తీసుకువెళితే నన్ను ఈడ్చుకుపోతుంది. వీధి కుక్క కనిపిస్తే చాలు, గొంతు చించుకుని మొరుగుతుంది. పోయిన నెల లిఫ్టులో ఒక పెద్దావిడ మీదికి రెండు కాళ్లూ ఎత్తితే ఆవిడ పడబోయి నిలదొక్కుకున్నారు. అసోసియేషన్ వాళ్లు గట్టిగానే హెచ్చరించారు. అందుకే ఒక ట్రైనరును పెట్టుకున్నాం.

ఆయన మొదటి రోజే బెల్టు తీసేసి చోక్ చైను వేశాడు. లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు అది. వారం తిరిగేసరికి లాగడం తగ్గిన మాట నిజం. కానీ ఆయన బండి చప్పుడు వినగానే మావాడు సోఫా కిందికి దూరి అక్కడే తడిపేస్తున్నాడు. మొన్న స్నానం చేయించి తల తుడవబోతే నా మీద గుర్రుమన్నాడు. చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా అలా చేయలేదు. ట్రైనరుకు చెబితే, "మిమ్మల్ని యజమానిగా ఒప్పుకోవడం లేదు, గుర్రుమన్న ప్రతిసారీ చైను బిగించండి" అన్నాడు. మావారు ఆయన చెప్పిందే సబబు అంటున్నారు. నాకు చేతులు రావడం లేదు.

నొప్పి లేకుండా నేర్పడం నిజంగా సాధ్యమా? చేసి చూసినవారు చెప్పండి.

గోదావరి గట్టు

అమ్మా, నలభై ఏళ్లుగా అల్సేషియన్లను పెంచుతున్నాను. ఇప్పుడున్నది ఆరోది. దండం దశగుణం భవేత్ అన్నారు. చైను ఒక్కసారి గుంజడం హింస కాదు, క్షణం పాటు కలిగే ఇబ్బంది. తల్లి కుక్క కూడా మితిమీరిన పిల్లను మందలిస్తుంది కదా.

తిండి చూపించి నేర్పితే రెండు నష్టాలు. చేతిలో ముక్క లేని రోజు అది మీ మాట వినదు. రాత్రి దొంగ వచ్చి మాంసం ముక్క విసిరితే తోక ఊపుతూ వాడి వెంట పోతుంది. ఇంటికి కాపలా కుక్క ఎందుకు మరి?

ఇంకొక సంగతి. మాది కొబ్బరి తోట. రక్తపింజరలు తిరుగుతాయి. నా కుక్క పామును చూసి ముందుకు దూకబోతే "వద్దు" అన్న ఒక్క మాటకు నిలబడిపోతుంది. ఆ మాట వెనుక గొలుసు ఉందని దానికి తెలుసు కనుకనే నిలబడుతుంది. బిస్కెట్టు ఆశ దాన్ని ఆపగలదా? ఆ పెద్దావిడ పడి తుంటి ఎముక విరిగి ఉంటే ఈ పాటికి చర్చ వేరేగా ఉండేది.

పశువైద్యురాలు, వరంగల్

బెజవాడ గారూ, మిగతా వాదన అంతా తరువాత. ముందు దాని చెవులు చూపించండి. ఎన్నడూ గుర్రుమనని కుక్క తల తుడిచేటప్పుడు కొత్తగా గుర్రుమంటోందంటే నాకు మొదట తట్టేది నొప్పే. లాబ్రడార్ల చెవులు కిందికి వాలి ఉంటాయి, లోపలికి గాలి ఆడదు. మీ ఊరి ఉక్కపోతలో స్నానం తరువాత తడి నిలిస్తే చీము పట్టడం చాలా మామూలు. చెవి దగ్గర వాసన చూడండి. తల విదిలిస్తోందా, కాలితో గోక్కుంటోందా గమనించండి. ఆ చైను ఈ రోజే తీసేయండి.

గోదావరి గట్టు గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. చైనుతో కుక్క ఆగుతుంది, కాదనను. ఆగినప్పుడు దాని తలలో ఏం నాటుకుంది అన్నదే నా బాధ. ఎదురుగా వీధి కుక్క కనిపించింది, అదే క్షణంలో మెడ బిగిసింది. "లాగడం తప్పు" అని అది అర్థం చేసుకుంటుందని మనం అనుకుంటాం. అది మాత్రం "వీధి కుక్క కనిపిస్తే మెడ నొప్పి" అని నేర్చుకోవచ్చు. ఇక్కడ ఇంకొంచెం ముందుకు పోయి "ఈ మనిషి వస్తే నొప్పి" అని నేర్చుకుంది, సోఫా కిందికి దూరుతోంది. ఇది విధేయత కాదండీ, భయం.

2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 140 మంది యజమానులను అడిగి ఒక సర్వే ప్రచురించారు. కుక్కను కొట్టిన లేదా తన్నిన వారిలో 43 శాతం మంది, అది తిరగబడిందని చెప్పారు. వెల్లకిలా పడేసి అదిమిపెట్టిన వారిలో 31 శాతం మంది అదే చెప్పారు. 2020లో పోర్చుగల్ పరిశోధకులు శిక్షణ బడుల్లోని 92 కుక్కలను పరిశీలించారు. దండన ఎక్కువగా వాడే బడుల కుక్కల లాలాజలంలో, శిక్షణ తరువాత, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది. ఇంకొక పరీక్ష నన్ను చాలా కదిలించింది. గదిలో ఒక వైపు పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, రెండో వైపు గిన్నె ఎప్పుడూ ఖాళీ. కుక్కలకు అది అలవాటయ్యాక గిన్నెను మధ్యలో పెట్టారు. బహుమతితో నేర్చుకున్నవి ఉరికి వెళ్లాయి. దండనతో నేర్చుకున్నవి నెమ్మదిగా, సంకోచంగా వెళ్లాయి. తమకు మంచి జరుగుతుందన్న ఆశే వాటిలో సన్నగిల్లింది.

ఇక లాగడం సంగతి. మెడకు కాక ఒంటికి వేసే, ఛాతీ ముందు కొక్కెం ఉండే పట్టీ (హార్నెస్) కొనండి. దానికి కట్టిన తాడు బిగుసుకున్న క్షణం చెట్టులా నిలబడిపోండి. వదులైన క్షణం నడవండి, మోకాలి పక్కకు వచ్చినప్పుడు ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్క పెట్టండి. మొదటి వారం పది నిమిషాల్లో ఇరవై అడుగులు కూడా సాగవు, ఓర్చుకోవాలి. వీధి కుక్క విషయంలో అసలు కీలకం దూరం. ఎంత దూరంలో ఉంటే మీవాడు చూసి కూడా మొరగకుండా ఉండగలడో కనిపెట్టండి, అక్కడే ముక్క పెట్టండి. కొన్ని వారాల మీద ఆ దూరం కొద్దికొద్దిగా తగ్గించండి. లిఫ్టులో మూలకు నిలబెట్టి, మీరు దానికీ జనానికీ మధ్య ఉండండి. అది నేర్చుకునే దాకా లిఫ్టు ఖాళీగా వచ్చినప్పుడే ఎక్కండి. ఆ పెద్దావిడ భద్రత నాకూ ముఖ్యమే.

అనంతపురం కాపరి

మాది గొర్రెల కుటుంబం. మా కుక్కలకు ఏ ట్రైనరూ నేర్పలేదు. కళ్లు తెరిచిన నాటి నుంచి పిల్లలు మందలోనే పెరుగుతాయి, గొర్రెపిల్లల పక్కనే పడుకుంటాయి. పెద్ద కుక్క ఎటు చూస్తే అవీ అటే చూస్తాయి. సాయంత్రం మాతో పాటే రాగి సంగటి ముద్ద. తోడేలు వచ్చిన రాత్రి ఆ ముద్ద తిన్న కుక్కే ముందుకు ఉరికింది. మా నాయన కొట్టిన కుక్క ఒకటి ఉండేది, చీకట్లో ఆయన కేకకే భయపడి దూరంగా పారిపోయేది. నాకు తెలిసింది ఇంతే.

గోదావరి గట్టు

డాక్టరమ్మా, అంకెలు బాగున్నాయి. కానీ ఆ 2009 సర్వేలోని కుక్కలు ఎక్కడివి? అప్పటికే కరుస్తున్నాయనో మొరుగుతున్నాయనో వైద్యశాలకు తెచ్చినవే అయి ఉంటాయి. చెడిన కుక్కను కొడితే తిరగబడదా? కొట్టడం వల్ల చెడిందా, చెడింది కనుక కొట్టారా? అది తేలదు కదా.

కుక్క మందలో బతికే జంతువు. తోడేళ్లలో నాయకుడు ఉంటాడు. ఇంట్లో ఆ స్థానం మనం తీసుకోకపోతే అది తీసుకుంటుంది. నేను పెంచిన రెండో కుక్క ఒక్కసారి కూడా గుర్రుమనేది కాదు. చిన్నప్పుడే ఆ అలవాటు మాన్పించాను. ఇంటికి ఎవరు వచ్చినా మెచ్చుకునేవారు. చివరికి ఒక దీపావళినాడు మా మనవడిని కరిచింది, అదీ నిజమే. హెచ్చరిక లేకుండా. చెంప మీద ఏడు కుట్లు. కొన్ని కుక్కల నెత్తురే అంత, ఏ పద్ధతీ వాటిని మార్చదు.

చట్టం తెలిసినవాణ్ణి

ఒక్క చిన్న సమాచారం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టి బాధపెట్టడమే కాదు, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన నడక, వ్యాయామం లేకుండా చేయడం కూడా నేరాలే. ఆ కుక్క ప్రస్తావన చట్టంలో ప్రత్యేకంగా ఉంది. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. అరవై ఏళ్లు దాటినా ఆ మొత్తం మారకపోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

కార్డిఫ్ తెలుగింటివారు

మేముండే బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010 నుంచి కరెంటు షాక్ ఇచ్చే పట్టీలు నిషేధం. అవి లేకుండానే ఇక్కడి కుక్కలు రైళ్లలో సీట్ల కింద పడుకుని ప్రయాణిస్తున్నాయి. అయితే పెద్దాయన పాము ప్రశ్న లాంటిదే ఇక్కడా ఉంది. గొర్రెలను తరిమే కుక్కను రైతు కాల్చవచ్చు, కాబట్టి షాక్ వల్ల దాని ప్రాణమే నిలుస్తుంది కదా అని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదనను తేలికగా కొట్టిపారేయలేను. లింకన్ విశ్వవిద్యాలయం వారు సరిగ్గా ఆ విషయమే పరీక్షించారు. పిలిస్తే రాని 63 కుక్కలను మూడు గుంపులు చేసి నేర్పారు. షాక్ పట్టీ గుంపు ఏ విధంగానూ మెరుగ్గా లేదు. బహుమతుల గుంపు ఆజ్ఞకు ఇంకా త్వరగా స్పందించింది. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి.

పశువైద్యురాలు, వరంగల్

గోదావరి గట్టు గారూ, ఆ సర్వే గురించి మీరు పట్టుకున్న లోపం నిజమే. అవి ప్రవర్తన సమస్యలతో వైద్యశాలకు వచ్చిన కుక్కలే. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అందుకే కార్డిఫ్ వారు చెప్పినటువంటి, కుక్కలను గుంపులుగా విడదీసి పోల్చిన ప్రయోగానికి ఎక్కువ విలువ.

తోడేళ్ల నాయకుడి మాట 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు పరిశోధకుడు రాసిన పరిశీలన నుంచి పాకింది. ఆయన చూసింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఒకే ఆవరణలో బంధించిన తోడేళ్లను. ఆ మాటకు ప్రచారం తెచ్చిన శాస్త్రవేత్తల్లో డేవిడ్ మెక్ ఒకరు. అడవిలో ఏళ్ల తరబడి తోడేళ్లను గమనించి, 1999లో ఆయనే దిద్దుకున్నారు. అడవిలో మంద అంటే సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలు. అక్కడ పెద్దరికం తల్లిదండ్రులదే, యుద్ధం చేసి గెలుచుకున్న సింహాసనం కాదు.

దొంగ సంగతి ఒక్క మాటలో. బహుమతితో నేర్చుకున్నదైనా, గొలుసుతో నేర్చుకున్నదైనా, ఆకలి వేసిన కుక్క పరాయి ముక్క తింటుంది. ఎవరు చెబితే తినాలో విడిగా నేర్పాలి. చేతిలో ముక్క లేని రోజు వినదన్న మాటకూ జవాబుంది. అలవాటు పడ్డాక ముక్క ప్రతిసారీ ఇవ్వం, ఒకసారి ఇచ్చి మూడుసార్లు మానేస్తాం. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి కోసమే అది ఇంకా పట్టుదలగా వింటుంది. పాము విషయంలో మాత్రం ప్రయోగాలు చేయమని మీకు చెప్పను. తోటలో పొడవాటి తాడుతో తిప్పండి, ఇంటి చుట్టూ గడ్డి కొట్టించండి, పిలవగానే వెనక్కి రావడం పాము లేని చోట వందలసార్లు నేర్పండి.

మీ మనవడి మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. తప్పు పట్టడానికి రాయడం లేదని నమ్మండి. గుర్రుమనడం కుక్క భాషలో ఆఖరి హెచ్చరికల్లో ఒకటి. అంతకుముందు అది తల తిప్పుకుంటుంది, పెదవులు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, కదలకుండా బిగుసుకుపోతుంది. మనం ఇవి గమనించం. గుర్రుమన్నప్పుడు కొడితే దాని భయం పోదు, నొప్పి పోదు, ఆ శబ్దం ఒక్కటే పోతుంది. తరువాత దానికి మిగిలేది పళ్లే. దీపావళి చప్పుళ్లు, ఇంటినిండా జనం, మీదికి వచ్చిన పసివాడు. అది చెప్పాలనుకున్నది చెప్పే దారి దానికి లేకపోయింది. నెత్తురు చెడ్డది కాకపోవచ్చు.

చదువుతున్న వారికి ఒక మాట. పెంపుడు కుక్క కరిచినా, టీకాలు వేయించినదే అయినా, గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం.

బెజవాడ లాబ్రడార్

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. చెవి చూపించాం. ఎడమ చెవి లోపల అంతా గోధుమరంగు చీము. డాక్టరు గారు దూది పెట్టి చూపించగానే మావారు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు. ఎన్నాళ్ల నుంచో ఉందట. చైను బిగిసిన ప్రతిసారీ అది జరిగి ఆ చెవి కిందే ఒరుసుకుంది. శుభ్రం చేసి చుక్కల మందు రాసిచ్చారు, పది రోజులు వేయాలి. ట్రైనరును మాన్పించాం. చెవి పట్టుకోబోతే ఇంకా వెనక్కి జరుగుతున్నాడు. మందు వేసే ముందు పెరుగన్నం పళ్లెం నేల మీద పెట్టి, నాకుతుండగా వేస్తున్నాం. నిన్న కాస్త నయం.

నడక ఇంకా నరకంగానే ఉంది. నిన్న గేటు దాటడానికే పావుగంట పట్టింది. మావారే చెట్టులా నిలబడ్డారు.

గోదావరి గట్టు

ఈ చర్చ రెండు రోజులుగా పదేపదే చదువుతున్నాను. పాము విషయంలో నా మాట నేను మార్చుకోను. తోటలో బతికేవాడికి ఆ క్షణం ఎలా ఉంటుందో తెలుసు.

కానీ మా రెండోదాని చెవులు నేను ఎప్పుడూ చూడలేదు. పళ్లు కూడా చూడలేదు. కరిచిన మర్నాడే వేరేవాళ్లకు ఇచ్చేశాను.

డాక్టరమ్మా, ఇప్పుడున్న దానికి పదకొండేళ్లు. గోళ్లు కత్తిరించాలంటే ఇద్దరం పట్టుకుని మూతి కట్టాల్సిందే, ఇప్పటికీ. ఈ వయసులో మీ పద్ధతి పనికి వస్తుందా? వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

పశువైద్యురాలు, వరంగల్

వస్తుందండీ. మొదట కీళ్లు చూపించండి. పదకొండేళ్ల అల్సేషియన్‌కు కాలు మడిచి పట్టుకోవడమే నొప్పి కావచ్చు. రోజూ సిమెంటు దారి మీద కాసేపు నడిపిస్తే కొంత గోరు దానంతట అదే అరుగుతుంది.

ఇంట్లో అయితే, ఈ వారం గోళ్లు కత్తిరించకండి. కత్తెర తీసుకువచ్చి నేల మీద పెట్టండి, దానికి ఇష్టమైన ముక్క ఒకటి పెట్టండి, కత్తెర తీసేయండి. రోజుకు రెండుసార్లు అంతే. కత్తెర కనిపిస్తే అది మీ చేతి వంక చూడటం మొదలుపెట్టిన రోజున ఇక్కడ రాయండి. పాదం ఎలా తాకాలో అప్పుడు చెబుతాను. ఒక రోజుకు ఒక్క గోరు కత్తిరించినా మూడు వారాల్లో అన్నీ అయిపోతాయి, మూతి కట్టకుండానే.