అప్‌డేట్: విదేశం నుంచి తెప్పించిన టెలిస్కోప్‌కు ఎక్కువ డ్యూటీ – తేలిపోయింది

రెండు వారాల క్రితం అడిగాను: నక్షత్రాలు చూడటానికి కొన్న చిన్న టెలిస్కోప్ మీద అనుకున్నదానికంటే చాలా ఎక్కువ దిగుమతి సుంకం ఎందుకు వేశారని. సమాధానం చెప్పిన అందరికీ థాంక్స్.

"డబ్బు కట్టకముందే లెక్క వివరాలు, హెచ్‌ఎస్ కోడ్ (వస్తువు ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పే అంకెల కోడ్) అడుగు" అన్న సలహానే పనిచేసింది. అమ్మినవాళ్లు ఇన్‌వాయిస్‌లో ఒట్టి 'స్కోప్' అని రాశారు. దాంతో కొరియర్ వాళ్లు దాన్ని తుపాకీకి బిగించే స్కోప్‌గా, 9013.10 కోడ్ కింద చూపించారు. కస్టమ్స్ బ్రోకర్ (కస్టమ్స్ పనులు చూసిపెట్టే ఏజెంట్) కాగితాలు చూసి ఐదు నిమిషాల్లో పట్టేశారు. ఖగోళ టెలిస్కోప్ రావాల్సింది 9005లో. సరిచేసిన ఇన్‌వాయిస్, ఉత్పత్తి వివరాలు, పేమెంట్ రసీదు పంపాక సుంకం తగ్గింది.

తగ్గాక మిగిలిన సుంకం న్యాయమైనదే. షిప్పింగ్, బీమా ఖర్చు కూడా సుంకం లెక్కించే విలువలో కలుస్తాయి, నేను వస్తువు ధర మీదే లెక్కేసుకున్నాను. కొరియర్ సర్వీస్ ఛార్జీ వేరు, అది తగ్గలేదు.

ఏ దేశంలో తయారైందన్నదాన్ని బట్టి సుంకం పెరిగిందేమోనని సమాధానాల్లో జరిగిన చర్చకు నా కేసులో సంబంధం లేదు. సుంకం తగ్గేలా ఇన్‌వాయిస్‌లో 'గిఫ్ట్' అని రాయించమన్న సలహా పాటించలేదు, అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. నిన్న రాత్రి శనిగ్రహం వలయాలు చూశాను!