సాతే అయాం: కెచాప్ మాడకుండా ఎలా కాల్చాలి, సాస్‌లో కొబ్బరిపాలు పోయాలా?

ఉప్పుకారం:
కిలో చికెన్‌తో ఇండోనేషియాలోని మదురా దీవి పద్ధతిలో సాతే అయాం (పుల్లలకు గుచ్చి కాల్చే చికెన్) చేయాలి. కెచాప్ మానిస్ (టమాటా కెచప్ కాదు, ఇండోనేషియా తియ్యటి సోయా సాస్) పట్టించి ఊరబెట్టిన ముక్కలు నిప్పుల మీద పెట్టగానే పైన నల్లబడి లోపల పచ్చిగా మిగులుతున్నాయి. దీనికి మార్గమేంటి? పల్లీ సాస్‌లో కొబ్బరిపాలు పోయాలని కొందరు, అస్సలు వద్దని కొందరు అంటున్నారు. బొగ్గులు లేకపోతే ఓవెన్ గ్రిల్‌తో పనవుతుందా?

నిప్పుకణిక:
మాడుతున్నది మాంసం కాదండీ, కెచాప్‌లో ఉన్న బెల్లం. ఆ సాస్ తియ్యదనమంతా పామ్ బెల్లందే కాబట్టి పచ్చిమాంసానికి ముందే దట్టంగా పట్టిస్తే ముక్క ఉడికేలోపు అది బొగ్గవుతుంది. మదురా పద్ధతిలో సగం కాలాక ముంచుతారు.

ఎముకలేని తొడ మాంసం తీసుకోండి. బ్రెస్ట్ పీస్‌లో కొవ్వు తక్కువ, ఒక్క నిమిషం ఎక్కువైతే పీచులా ఎండిపోతుంది. 2 సెం.మీ. ముక్కలు కోసి, పుల్లకు నాలుగైదు చొప్పున దగ్గరగా గుచ్చండి. మధ్యలో ఒక చర్మం ముక్క పెడితే ఆ కొవ్వు కరిగి మిగతావాటిని తడుపుతుంది. వెదురు పుల్లలు అరగంట నీళ్లలో నానాలి. నానినా కాలుతాయి, కాబట్టి పట్టుకునే కొస నిప్పు బయట ఉండాలి. అక్కడి సాతే కుంపట్లు సన్నగా, పొడుగ్గా ఉండేది అందుకే.

మంట పోయి బొగ్గుల మీద బూడిద పట్టాక మొదలెట్టండి. ముక్కలు తెల్లబడేదాకా, అంటే ఒక్కో వైపు రెండు నిమిషాలు, వట్టివే కాల్చండి. తర్వాత 4 చెంచాల కెచాప్, 2 చెంచాల పల్లీ సాస్, 1 చెంచా నూనె కలిపిన దాంట్లో ముంచి మళ్లీ నిప్పు మీద పెట్టండి. అటూ ఇటూ తిప్పుతూ చివర్లో మరోసారి ముంచండి. మొత్తం ఏడెనిమిది నిమిషాలు. థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు చూపించాలి. సగం కాలిన ముక్కలు ముంచిన ద్రవం మిగిలితే పారేయండి, వడ్డించే సాస్‌లో కలపొద్దు.

రోలు_రోకలి:
మదురా సాస్‌కి కొబ్బరిపాలు అక్కర్లేదు. పల్లీల్లోంచి ఊరే నూనే చిక్కదనం ఇస్తుంది. కిలో చికెన్‌కి కొలత: పల్లీలు 250 గ్రాములు, వెల్లుల్లి 4 రెబ్బలు, కెమిరి (క్యాండిల్‌నట్) గింజలు 4, ఎండుమిర్చి 3, పామ్ బెల్లం 50 గ్రాములు, ఉప్పు చెంచా, నీళ్లు 600 మి.లీ.

పల్లీలు సన్నసెగ మీద నూనెలో వేయించి, లేత బంగారు రంగుకి రాగానే తీసేయండి. బయటికొచ్చాక కూడా వేడికి ఇంకా ఎర్రబడతాయి. కడాయిలోనే ఎర్రబడితే సాస్ చేదే. వెల్లుల్లి, కెమిరి, మిర్చి కూడా వేయించి అన్నీ కలిపి మెత్తగా నూరండి. నీళ్లు, బెల్లం, ఉప్పు వేసి ఇరవై నిమిషాలు సన్నసెగ మీద ఉడికించండి. అడుగంటడం దీని జన్మహక్కు, కలుపుతూనే ఉండాలి. పైకి నూనె తేలితే అయిందన్నమాట.

కెమిరి పచ్చిగా మాత్రం వాడొద్దు, కడుపులో తిప్పుతుంది. దొరక్కపోతే మకడామియా గానీ జీడిపప్పు గానీ వేయండి.

ఉప్పుకారం:
కెచాప్ మానిస్ దొరక్కపోతే? సాస్ చల్లారాక ముద్దయిపోతే?

రోలు_రోకలి:
సోయా సాస్ 100 మి.లీ.లో తాటిబెల్లం 120 గ్రాములు వేసి, తీగలా జారేదాకా సన్నసెగ మీద మరిగించండి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, ముందే దించేయాలి. అప్పుడు పల్లీ సాస్‌లో ఉప్పు సగానికి తగ్గించండి.

పల్లీ సాస్ గట్టిపడటం మామూలే. వేడినీళ్లు చెంచా చెంచాగా పోసి కలపండి. నూనె విరిగినట్టు విడిపోయినా ఇదే మందు.

పొగచూరు:
ఓవెన్ గురించి. పైసెగ గ్రిల్‌ని పది నిమిషాలు బాగా వేడెక్కించి, సెగకి ఒక బెత్తెడు దూరంలో జాలీ మీద పెట్టండి. లోతు ట్రేలో పరిస్తే నీరూరి ఉడుకుతాయి, కాలవు. పుల్లల కొసలకి ఫాయిల్ చుట్టండి. కెచాప్ ఆఖరి మూడు నిమిషాల్లోనే పూయాలి. బొగ్గు వాసన మాత్రం రాదు.

ఇంకోటి, తూర్పు జావాలోని పోనొరోగో ఊరి సాతే వంటకాన్ని దీనితో కలపకండి. అక్కడ మాంసం పొడుగు పేలికలుగా కోసి ముందే మసాలాలో ఊరబెడతారు. ఇంటర్నెట్‌లో రెండూ ఒకే పేరుతో తిరుగుతున్నాయి, ఊరబెట్టాలన్న సలహా అక్కణ్ణుంచే వచ్చుంటుంది. మదురా పళ్లెంలోకి లోంతోంగ్ (ఆకులో చుట్టి ఉడికించిన అన్నం ముద్ద), తరిగిన పచ్చి చిన్న ఉల్లిపాయలు, సంబల్ (మిర్చి పచ్చడి), పైన నిమ్మరసం పిండితే చాలు.