సి డ్రైవ్ ఎర్రబడింది: విండోస్‌లో ఉన్నవి చాలునా, బయటి క్లీనర్ కొనాలా?

ప్రశ్న – పెరంబూరు, చెన్నై

నమస్కారమండీ. పెరంబూరులో ఇంటి దగ్గరే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. 2021లో కొన్న ల్యాప్‌టాప్, విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. నెల రోజులుగా ఆన్ చేశాక పనిలోకి దిగడానికి నాలుగైదు నిమిషాలు పడుతోంది. సి డ్రైవ్ గీత ఎర్రగా మారింది, 6 జీబీ మాత్రమే మిగిలింది.

పోయిన ఏడాది ఒక సర్వీసు దుకాణంలో కీబోర్డు మార్పించినప్పుడు వాళ్ళే ఒక క్లీనర్ ప్రోగ్రాం వేసి ఇచ్చారు. ఇప్పుడది రోజూ తెర మూలన లేచి "1,243 సమస్యలు ఉన్నాయి" అని ఎర్ర అక్షరాల్లో చూపిస్తోంది. సరిచేయాలంటే ఏడాది చందా కట్టమంటోంది. మా తమ్ముడు కట్టేయమంటున్నాడు. విండోస్‌లో ఉన్నవే చాలునని పక్కింటివారు అంటున్నారు. పరీక్షల కాలం, పాఠాలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఎవరి మాట వినాలి?

జవాబు – చింతాద్రిపేట

టీచరుగారూ, చందా కట్టకండి. మిమ్మల్ని భయపెడుతున్నది ఆ 1,243 కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. నేను రిచీ స్ట్రీట్‌లో పద్నాలుగేళ్ళు కంప్యూటర్లు బాగుచేశాను. ఇలాంటి ప్రోగ్రాంలు "సమస్య" అని లెక్కపెట్టేవాటిలో చాలావరకు బ్రౌజర్ కుకీలు, తాత్కాలిక ఫైళ్ళు, రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత వరుసలు. అప్పుడే విండోస్ కొత్తగా వేసిన యంత్రంలో కూడా వందల సమస్యలు చూపించిన ప్రోగ్రాంను నా కళ్ళతో చూశాను.

రిజిస్ట్రీ అంటే విండోస్ తన లెక్కలు రాసుకునే చిట్టా. అందులో పాత పద్దులు నాలుగు ఉన్నంత మాత్రాన చిట్టా బరువెక్కదు, యంత్రం నెమ్మదించదు. పనికిరానిదని కాగితం చింపితే మాత్రం దాని వెనకవైపు రాసిన పద్దు కూడా పోతుంది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ కూడా తన సహాయ పేజీల్లో చెబుతుంది. ఆ బటన్ నొక్కి, మర్నాడు ప్రింటరు పలకడం లేదంటూ దుకాణానికి వచ్చినవారు నాకు చాలామంది తెలుసు.

ఇన్నేళ్ళ పనిలో నేను పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది. తుడిచే పనికి విండోస్‌వే వాడతాను. చూసే పనికి బయటివి తెచ్చుకుంటాను. చూపించడం తప్ప ఏమీ చేయని పనిముట్టు పొరపాటు చెప్పినా మన ఫైళ్ళకు నష్టం ఉండదు. తుడిచే పనిముట్టు పొరపడితే పోయినవి తిరిగి రావు.

మీరు చేయవలసింది ఇది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. టెంపరరీ ఫైల్స్ నొక్కితే ఏది ఎంత చోటు తింటోందో వస్తుంది. పెద్ద అప్‌డేట్ ఈమధ్యే వచ్చి ఉంటే పాత విండోస్ కాపీ కూడా అక్కడ కనిపిస్తుంది. వెనక్కి వెళ్ళే అవకాశం కోసం దాన్ని పది రోజులు ఉంచుతారు, మీకు అంతా బాగానే నడుస్తుంటే తీసేయవచ్చు. ఒక్కటి మాత్రం చాలా జాగ్రత్త: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే వరుస కనిపిస్తే దాని పక్కన టిక్కు పెట్టకండి. పిల్లలు పంపిన జవాబు పత్రాలు, మీరు దించుకున్న ప్రశ్నపత్రాలు అన్నీ అక్కడే ఉంటాయి. అదే పేజీలో, అనవసరమైన ఫైళ్ళను తానే తుడిచే స్టోరేజ్ సెన్స్‌లోనూ డౌన్‌లోడ్స్ దగ్గర "నెవర్" అనే ఉందో లేదో చూసుకోండి.

తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్‌లో ఒక్కో ప్రోగ్రాం ఎదురుగా అది యంత్రాన్ని ఎంత ఆలస్యం చేస్తోందో రాసి ఉంటుంది. "హై" అని ఉన్నవి ఏమిటో చూసి ఇక్కడ రాయండి. డీఫ్రాగ్, అంటే డిస్కులో చెదిరిన ఫైళ్ళ ముక్కలను సర్దే పని కోసం ఏదీ కొనకండి. విండోస్ వారానికి ఒకసారి ఆ పని తానే చేసుకుంటుంది. మీది లాంటి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని డిస్కు) అయితే ముక్కలు సర్దే బదులు, ఖాళీ అయిన చోట్లు ఏవో చెప్పే ట్రిమ్ అనే సంకేతం పంపుతుంది, దానికి కావలసింది అదే.

ఇక బయటి నుంచి రెండే తెచ్చుకోండి, రెండూ ఇంటి వాడకానికి ఉచితం. ఒకటి విజ్‌ట్రీ. డిస్కులో ఏ ఫోల్డరు ఎంత ఉందో రంగు గళ్ళలో పటం గీసి చూపిస్తుంది. ఫైళ్ళ పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి క్షణాల్లో తేలుతుంది. రెండోది క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో. డిస్కు ఆరోగ్యం చెబుతుంది: నీలం ఉంటే బాగున్నట్టు, పసుపు ఉంటే జాగ్రత్తపడమని, ఎరుపు ఉంటే చెడినట్టు.

ఈ రెండోదాన్ని ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒకసారి ఒక పెద్దాయన తన పాత కంప్యూటర్ తెచ్చారు. నెమ్మదిగా ఉందని మూడు నెలలుగా రోజూ క్లీనర్ నడుపుతున్నారట. నేను చెవి దగ్గర పెట్టి వింటే హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటోంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పసుపు గడి వెలిగింది. పాడైన గళ్ళ లెక్క చెప్పే 05 అనే వరుస దగ్గర కూడా పసుపు చుక్క ఉంది. ఆయన అమ్మాయి పెళ్ళి ఫొటోలు అందులోనే ఉన్నాయి, వేరే ఎక్కడా లేవు. సగం మాత్రం దించగలిగాను. మూడు నెలల ముందు ఆ పసుపు గడి ఎవరైనా ఆయనకు చూపించి ఉంటే అన్నీ దక్కేవి. ఆ సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చున్న తీరు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

మరో అభిప్రాయం – టి.నగర్

అన్నగారి మాటలో చాలావరకు ఒప్పుకుంటాను కానీ, బయటి క్లీనర్లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. మా చీరల దుకాణం లెక్కల విభాగంలో తొమ్మిది కంప్యూటర్లు చూసుకుంటాను. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి సీక్లీనర్ వాడాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. మూడు నాలుగు బ్రౌజర్ల చెత్త ఒక్క నొక్కుతో పోతుంది. విండోస్‌లో ఆ సౌకర్యం ఏదీ?

జవాబు – చింతాద్రిపేట

ఎక్స్‌పీ రోజుల్లో నేనూ వేసేవాడిని తమ్ముడూ. అప్పుడు దాని అవసరం ఉండేది. ఇప్పుడు బ్రౌజర్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కితే ఎంత కాలానిది తుడవాలో అదే అడుగుతుంది. మూడు బ్రౌజర్లకు మూడుసార్లు చేయాలి, ఆ శ్రమ నిజమే.

నా మనసు మార్చింది 2017. ఆ ఆగస్టులో వచ్చిన సీక్లీనర్ 5.33లో దుండగులు తమ కోడ్ దూర్చారు. దొంగ సైటు నుంచి కాదు, కంపెనీ సొంత డౌన్‌లోడ్‌లోనే, సరైన డిజిటల్ సంతకంతోనే అది జనానికి చేరింది. సెప్టెంబరు 18న బయటపడేసరికి 22.7 లక్షల మంది దాన్ని వేసుకుని ఉన్నారు. కంపెనీ వెంటనే సరిచేసింది, దాని మీద నాకు కోపం లేదు. కానీ అడ్మినిస్ట్రేటర్ హక్కులతో మన డిస్కంతా తిరిగే ప్రోగ్రాం ప్రతిదీ ఇంటికి ఇంకో తలుపు పెట్టినట్టే. తొమ్మిది కంప్యూటర్లంటే తొమ్మిది తలుపులు. లెక్కలున్న చోట నేనైతే ఆ తలుపు పెట్టను.

యాంటీవైరస్ గురించి కూడా అడుగుతారేమో. డిఫెండర్ విండోస్‌లోనే ఉంది. ఇంకొకటి వేస్తే అది పక్కకు తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే తానే తిరిగి కాపలాకు వస్తుంది. ఇంటి వాడకానికి అది చాలు.

మళ్ళీ పెరంబూరు నుంచి

మీరు చెప్పినట్టే చేశానండీ. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో నీలమే వచ్చింది, ప్రాణం కుదుటపడింది. టెంపరరీ ఫైల్స్ తీస్తే 11 జీబీ వచ్చింది. స్టార్టప్ జాబితాలో "హై" అని ఉన్నవి రెండు. అందులో ఒకటి ఆ క్లీనరే! వేగం పెంచుతానంటూ ఏడాదిగా అదే నన్ను ఆపుతోంది. తీసేశాను. ఇప్పుడు నిమిషంలోపే పనిలోకి వస్తోంది.

విజ్‌ట్రీ పటంలో మాత్రం ఒక పెద్ద గడి దాదాపు మూడో వంతు ఆక్రమించింది. తెరిచి చూస్తే జూమ్‌లో నేను రికార్డు చేసుకున్న పాత తరగతులు, 68 జీబీ. నేను చేసినవే, నాకే గుర్తులేదు. దాని పక్కన హైబర్‌ఫిల్, పేజ్‌ఫైల్ అని ఇంకో రెండు పెద్దవి ఉన్నాయి. అవీ తీసేయవచ్చా?

జవాబు – చింతాద్రిపేట

ఆ రెండూ విండోస్‌వి, ముట్టుకోకండి. పేజ్‌ఫైల్ ర్యామ్ చాలనప్పుడు ఆదుకునేది. 8 జీబీ ర్యామ్ ఉన్న మీకు అది తప్పకుండా కావాలి. హైబర్‌ఫిల్ త్వరగా ఆన్ కావడానికి వాడుకునేది.

రికార్డింగులు ఒక బయటి డిస్కులోకి మార్చుకోండి. కట్ చేసి పేస్ట్ చేయకండి, కాపీ చేయండి. కాపీ అయ్యాక డిస్కును తీసి, మళ్ళీ పెట్టి, మొదటిది ఒకటి, మధ్యలోది ఒకటి, చివరిది ఒకటి తెరిచి చివరిదాకా జరిపి చూడండి. మూడూ ఆడితేనే ల్యాప్‌టాప్‌లోవి తుడవండి.