మంచు గడ్డకట్టిన రోజు కూడా టీమ్ స్కోరు లెక్కపెట్టాలా?

హెర్న్‌డన్ రాజు

అందరికీ నమస్తే. జనవరి 1 నుంచి మార్చి 20 దాకా ఇక్కడి నార్త్ వర్జీనియా తెలుగువాళ్లం ఐదుగురేసి టీమ్‌లు కట్టి సైకిల్ తొక్కుదామని అనుకున్నాం కదా. పేర్లు బాగానే వచ్చాయి. ఒక్క రూల్ దగ్గర మాత్రం మాట కుదరడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

వాషింగ్టన్ చుట్టుపక్కల ఏటా చలికాలంలో జరిగే ఫ్రీజింగ్ శాడిల్స్ చాలెంజ్ మీలో చాలామందికి తెలుసు. ఆరుబయట కనీసం ఒక మైలు తొక్కితే ఆ రోజుకి పాయింట్లు, తొక్కిన మైళ్లకి వేరే పాయింట్లు. టీమ్‌లు మనం ఎంచుకునేవి కావు, వాళ్లే కలిపి ఇస్తారు. కాబట్టి బాగా తొక్కేవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే టీమ్‌లో పడతారు. మనమూ అదే పద్ధతి పెట్టుకుందామంటే అందరూ సరే అన్నారు. గొడవంతా ట్రయల్ (సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వేసిన దారి) మీద మంచు గడ్డకట్టిన రోజుల గురించే. ఆ రోజుల్లో స్కోరు ఆపేయాలని కొందరు, ఆపొద్దని కొందరు.

నేను ఆపొద్దనే అంటాను. పాయింట్లు సరదాకే అయినా, ఆఫీసుకి సైకిల్ మీద పోయే అలవాటు చలికాలంలో తెగిపోకూడదన్నదే మన అసలు ఉద్దేశం. అక్టోబర్ దాకా డబ్ల్యూ అండ్ ఓడీ ట్రయల్ మీద ఎక్కడో ఒకచోట తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. నవంబర్‌లో ఇక్కడ అందరూ గడియారం ఒక గంట వెనక్కి తిప్పగానే సాయంత్రం ఐదింటికే చీకటి, ఇక మనవాళ్లు ఒక్కరూ కనపడరు. గరాజ్‌లో కొక్కేనికి ఎక్కిన సైకిల్ ఏప్రిల్‌లో గానీ దిగదు. రోజుకి ఒక్క మైలు అన్న రూల్ ఉంటే ఆ కొక్కేనికి ఎక్కడం ఉండదు.

చలి చూసి భయపడేవాళ్లకి ఒక మాట. నేను హెర్న్‌డన్ నుంచి వీలీ రెస్టన్ ఈస్ట్ స్టేషన్ దాకా తొక్కి, సైకిల్‌ని అక్కడి తాళం గదిలో పెట్టి సిల్వర్ లైన్ మెట్రో రైలు ఎక్కుతాను. ఒంటికి పలచటి ఉన్ని బనియన్, పైన గాలి చొరని జాకెట్ చాలు. ఇంట్లోంచి బయటికి రాగానే కాస్త వణుకు పుట్టాలి. అప్పుడే వెచ్చగా ఉందంటే మైలు దాటేసరికి చెమట పట్టి, ఆ చెమటే చల్లబడి వణికిస్తుంది. కష్టమంతా వేళ్లకే. హ్యాండిల్‌కి తొడిగే బార్ మిట్స్ కొంటే చేతులకి ఆ బాధ తీరుతుంది. కాళ్లకి రెండు జతల సాక్సులు బిగించి వేసుకోకండి, రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి.

మంచుకి సెలవిస్తే రేపు వానకి అడుగుతారు, ఎల్లుండి గాలికి అడుగుతారు. మీ మాట చెప్పండి.

వియన్నా వాసు

రాజు గారూ, చలి గురించి మీతో పేచీ లేదు. 25 డిగ్రీల్లో పొడిగా ఉన్న ట్రయల్ మీద ఎవరైనా తొక్కొచ్చు. (ఇండియా నుంచి చదివేవాళ్లకి: ఇక్కడి లెక్క ఫారన్‌హీట్‌లో, నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర.) ప్రమాదం ఎప్పుడంటే, 28కీ 40కీ మధ్య ఊగే రోజుల్లో. పక్కన పోగుపడిన మంచు మధ్యాహ్నం ఎండకి కరిగి ట్రయల్ మీదికి పారుతుంది. సాయంత్రం 32 దిగగానే ఆ నీళ్లే అద్దంలా గడ్డకడతాయి. ఎంత మంచి లైటు వేసినా అది తడి తారులాగే కనపడుతుంది.

మిన్నియాపోలిస్‌లో తొక్కుతున్నారు, ఫిన్లాండ్‌లో తొక్కుతున్నారు, మనకేం అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊరుంది, 2013లో మొదటి వింటర్ సైక్లింగ్ కాంగ్రెస్ అక్కడే జరిగింది. అక్కడ సైకిల్ దారుల్ని చలికాలమంతా ఊరే చూసుకుంటుంది. పైగా పడ్డ మంచు కరగకుండా గట్టిగా అణిగి ఉంటుంది కాబట్టి టైరుకి పట్టు దొరుకుతుంది. మన దగ్గర రోజూ కరుగుతుంది, రోజూ గడ్డకడుతుంది. 2025 జనవరి 6న పడ్డ మంచు గుర్తుందా? ఫెడరల్ ఆఫీసులు మూసేసిన రోజు. ఆ తర్వాత కూడా చెట్ల నీడ పడేచోట గడ్డ చాలా రోజులు వదల్లేదు.

ఇంతకుముందు నేనున్న ఒక టీమ్‌లో జరిగింది చెబుతాను. ఒకాయన రాత్రి పది దాటాక సైకిల్ తీశాడు. ఆఫీసుకి పోయే పని కాదు, కనీసం పాలు తెచ్చే పని కూడా కాదు. "అందరిదీ అయిపోయింది, మీ ఒక్కరిదే మిగిలింది" అని గ్రూపులో మెసేజ్ వచ్చింది, అంతే. చిన్న చెక్క వంతెన మీద జారి మణికట్టు విరిగింది. వంతెన కింద గాలి ఆడుతుంది, నేల మీది దారి కంటే అది ముందు గడ్డకడుతుంది. ఆయన వంతెన దాకా వచ్చిన దారంతా బాగానే ఉందట.

మెసేజ్ పెట్టినాయన మంచి మనిషే. కానీ తన ఒక్కడి కోసమైతే ఆ రాత్రి ఈయన గడప దాటేవాడు కాదు, టీమ్ కోసం దాటాడు. అందుకే అంటున్నాను, స్కూళ్లు మూసిన రోజు స్కోరు కూడా మూసేయండి. ఇంట్లో ట్రెయినర్ (సైకిల్‌ని కదలకుండా బిగించి తొక్కే స్టాండ్) మీద తొక్కింది కావాలంటే ఆ రోజుకి లెక్కపెట్టండి.

లీస్‌బర్గ్ లక్ష్మి

వాసు గారూ, ఆ మణికట్టు సంగతి చదివి నిజంగా బాధేసింది. కానీ స్కూళ్లు మూసిన రోజు అనే కొలత పనికిరాదండి. మా లౌడన్ కౌంటీకి పడమట వైపంతా కొండదారులు, పల్లె రోడ్లు. అక్కడ బస్సు తిరగలేదంటే కౌంటీ మొత్తానికి సెలవే. ఆ రోజు ఆష్‌బర్న్‌లో రోడ్లు పొడిగా ఉండొచ్చు. స్కూళ్లు తెరిచిన రోజున ట్రయల్ మీద గడ్డ ఉండనూ వచ్చు. పిల్లలు బస్సులో పోతారు, మనం ట్రయల్ మీద పోతాం. రెండూ ఒకటి కాదు.

ట్రెయినర్ కూడా వద్దు. ట్రెయినర్ కొనుక్కుని బేస్‌మెంట్‌లో పెట్టుకునే చోటు అందరికీ ఉందా? అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ల కింది ఇంటివాళ్లు ఆ చప్పుడికి ఊరుకుంటారా?

ఒక్క మైలు రూల్ మాత్రం తీసేయకండి, చేతులెత్తి అడుగుతున్నాను. మైళ్లకే పాయింట్లు అంటే, ఆదివారం పొద్దున్నే లీస్‌బర్గ్ నుంచి షర్లింగ్టన్ వైపు సాగిపోయే మగవాళ్ల మధ్య నాలాంటి వాళ్లకి చోటే ఉండదు. పిల్లాణ్ని సైకిల్ మీద స్కూలుకి దించి రావడం నాకు మైలుకి కాస్త ఎక్కువ. ఆ ఒక్క మైలుకి టీమ్‌లో విలువ ఉందని తెలిశాకే మా వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పేరిచ్చారు.

మేసన్ స్టూడెంట్

రాజు అన్నా, అందరికీ నమస్తే. నేను ఫెయిర్‌ఫాక్స్‌లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాను. ఒక చిన్న విషయం చెప్పాలి.

నాకు కారు లేదు. మా రూమ్‌లో ఎవరికీ లేదు. క్లాసుకి, ల్యాబ్‌కి, కూరగాయలకి, అన్నిటికీ సైకిలే. గడ్డకట్టిన రోజు తొక్కాలా వద్దా అని ఆలోచించే వీలు మాకు చాలాసార్లు ఉండదు. మంచు రోజు స్కోరు ఆపేస్తే నేను అన్నిటికంటే కష్టపడి వెళ్లిన రోజే లెక్కలోకి రాదు. పోనీ ట్రెయినర్‌ని లెక్కపెడితే, ఇంట్లో తొక్కినవాళ్లకి వచ్చే పాయింట్లే రోడ్డు మీద తొక్కిన నాకూ వస్తాయి. అది సరైనదేనా అన్నా?

రాత్రి పూట బలవంతంగా పంపడం మాత్రం తప్పే. మాలో చాలామందికి స్టూడెంట్ ఇన్సూరెన్స్. చెయ్యి విరిగితే ఎముక అతుక్కోవడం ఒక బాధ, బిల్లు ఇంకో బాధ. ఇంట్లో అమ్మానాన్నలకి చెప్పలేం.

చలిపులి

తమ్ముడూ, తప్పనిసరిగా వెళ్లేవాడివి కాబట్టి ముందు నీకు పనికొచ్చేవి చెబుతాను, పాయింట్ల సంగతి తర్వాత.

స్టడెడ్ టైర్లు కొను. రబ్బరులో గట్టి కార్బైడ్ మేకులు దిగ్గొట్టి ఉంటాయి, గడ్డని పట్టుకునేవి అవే. రెండు టైర్లకీ కొనే డబ్బు లేకపోతే ముందు చక్రానికైనా వెయ్యి. వెనక చక్రం జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే నేల మీదే ఉంటావు. పొడి రోడ్డు మీద కరకరమంటాయి, బరువుగా లాగుతాయి, భరించాలి. మామూలు టైర్లే గతి అయితే గాలి కొంచెం తగ్గించు. అనుమానం ఉన్నచోట హ్యాండిల్ తిప్పకు, ముందు బ్రేకు ముట్టుకోకు, పెడలింగ్ ఆపి నిటారుగా దాటు. చెక్క వంతెన వస్తే దిగి నడువు. రోడ్డు మీద చల్లే ఉప్పు చెయిన్‌ని తినేస్తుంది, రూమ్‌కి రాగానే తుడిచి నూనె వెయ్యి. చీకట్లో తొక్కేటప్పుడు ముందు తెల్ల లైటు ఇక్కడ చట్ట ప్రకారమే ఉండాలి, వెనక ఎర్ర లైటు కూడా పెట్టుకో.

ఇంకోటి. 2019 నుంచి మెట్రో రైల్లో ఏ వేళలోనైనా సైకిల్ ఎక్కించొచ్చు. మెట్రోబస్ ముందు సైకిల్ పెట్టే స్టాండ్ ఉంటుంది. పొద్దున తొక్కుకుంటూ పోయి, సాయంత్రం గడ్డ కనపడితే బస్సెక్కి రావచ్చు. పొద్దున తొక్కిన మైలు ఎటూ లెక్కలోనే ఉంటుంది.

ఇక రూల్ విషయం. ఇది మంచు రోజు, ఇది కాదు అని ఎవరో ఒకరు తేల్చాలంటేనే గొడవ. ఆర్లింగ్టన్‌లో కౌంటీ కొన్ని ట్రయల్స్ మీద మంచు తీస్తుంది, పది మైళ్లు పడమటికి వస్తే వేరే కథ. ఒకే రోజు ఒకరికి తడి రోడ్డు, ఇంకొకరికి గడ్డ. కాబట్టి ఎవరికి వాళ్లు మానేసే వీలుండాలి, మానేసినందుకు టీమ్ ఓడిపోకూడదు. వారంలో ఏడు రోజులూ కాకుండా, ఒక్కొక్కరివీ మంచి ఐదు రోజులు మాత్రమే లెక్కపెడితే?

లీస్‌బర్గ్ లక్ష్మి

ఇది బాగుంది. ఆఫీసుకి పోయేదీ ఐదు రోజులే కదా. ఎవరూ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఎందుకు మానేశావని అడిగేవాళ్లూ ఉండరు. ఒంట్లో బాగోలేకపోయినా, పిల్లలకి జ్వరమొచ్చినా అదే రూల్ పనికొస్తుంది.

వియన్నా వాసు

బాగుంది గానీ చాలదు. 2025 జనవరి లాంటి వారం వస్తే రెండు రోజుల సెలవు సోమ, మంగళవారాలతోనే అయిపోతుంది. బుధవారం రాత్రి మళ్లీ అదే మెసేజ్ వస్తుంది. దానికేం చేస్తారు?

హెర్న్‌డన్ రాజు

వాసు గారి ప్రశ్న సరైనదే. రెండు రోజుల నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. ఆయన చెప్పిన సంఘటనలో గడ్డ ఒక్కటే కాదు, రాత్రి పది కూడా ఉంది. ప్రధాన రోడ్లకి, కాలనీ రోడ్లకి బండ్లొచ్చి మంచు తోసి ఉప్పు చల్లుతాయి. రెండో మూడో రోజు మధ్యాహ్నానికి ఇంటి ముందు వీధిలో ఒక మైలు మామూలుగా తొక్కొచ్చు. అదే మైలు రాత్రి అయ్యేసరికి ప్రమాదం. కాబట్టి రాత్రి తొమ్మిది తర్వాత బయల్దేరిన రైడ్ ఏ రోజైనా సరే లెక్కలోకి రాదు. చీకటి పడ్డాక అసలే వద్దంటే జనవరిలో ఆఫీసు నుంచి వచ్చేవాళ్లూ ల్యాబ్ నుంచి వచ్చేవాళ్లూ పోతారు, అందుకని తొమ్మిది.

గ్రూపు విషయం. "మీదొక్కటే మిగిలింది" లాంటి మెసేజ్‌లు ఉండవు. అంతే కాదు, ఎవరి స్కోరు ఎంతన్నది రోజూ చూపించను, ఆదివారం రాత్రి టీమ్ మొత్తం చూపిస్తాను. ఎవరు తొక్కారో ఎవరు మానేశారో తెలియనప్పుడు తోసేవాళ్లూ ఉండరు. వారానికి ఐదు రోజులు, కనీసం ఒక మైలు, ఆరుబయట. ట్రెయినర్ లేదు. మంచు రోజని ఎవరూ ప్రకటించరు.

మేసన్ తమ్ముడికి: మా గరాజ్‌లో పాత స్టడెడ్ టైర్ల జత ఉంది, 700 సైజు. మీ చక్రానికి సరిపోతే ఈ వారాంతం వచ్చి తీసుకెళ్లండి.

మేసన్ స్టూడెంట్

అన్నా, నాది 700 సైజే. శనివారం పొద్దున వస్తాను. చాలా థ్యాంక్స్.

వియన్నా వాసు

తొమ్మిది గంటల రూల్‌కి, స్కోరు దాచడానికి నేను ఒప్పుకుంటున్నాను. ట్రెయినర్ విషయంలో మాత్రం నా మాట మారలేదు. యాభై దాటినవాళ్లు మన లిస్టులో ఉన్నారు, పడితే వాళ్ల ఎముకలు అంత తేలిగ్గా అతకవు. వారమంతా గడ్డ ఉంటే వాళ్లకి ట్రెయినర్ తప్ప దారి లేదు. జనవరి అయ్యాక ఈ ఒక్క రూల్ మళ్లీ చూద్దామని రాసిపెట్టండి, నా పేరు టీమ్‌లో వెయ్యండి.

హెర్న్‌డన్ రాజు

రాసిపెట్టాను. ఫిబ్రవరి మొదటి ఆదివారం దీని మీద అందరి ఓటు తీసుకుందాం. టీమ్‌ల చీటీలు డిసెంబర్ 28న తీస్తాను. ఇంకా పేరు ఇవ్వాలనుకునేవాళ్లు ఆలోపే కింద రాయండి.