ఇద్దరు పిల్లలు, రెండు పిల్లులు ఉన్న ఇంటికి విప్పెట్ తగునా?

నల్లగండ్ల నుండి (చర్చ ప్రారంభించినవారు)

మా ఆడపడుచు కుటుంబం ఆగస్టులో కెనడా వెళ్లి స్థిరపడుతున్నది. వాళ్ల రెండేళ్ల విప్పెట్ జాతి వేటకుక్కను మేము తీసుకుంటామా అని అడిగారు. దాని పేరు జింక. సన్నని కాళ్లు, లోపలికి పోయిన పొట్ట, విల్లులా వంగిన వెన్ను చూసినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పనక్కరలేదు. మాది తొమ్మిదో అంతస్తులో మూడు పడకగదుల ఫ్లాట్. మా అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి మూడేళ్లు. రెండు పిల్లులు కూడా ఉన్నాయి: తొమ్మిదేళ్ల బంగారి, పోయిన వర్షాకాలంలో కారు బానెట్ లోపల దొరికిన మసి. జింక ఇంతవరకు పిల్లి ఉన్న ఇంట్లో ఒక్కరోజు కూడా గడపలేదు. అంతగా మొరగని కుక్క దొరకడమే అదృష్టమని మావారు అంటున్నారు. మా అత్తగారు మాత్రం పిల్లుల సంగతి ఎత్తి ససేమిరా అంటున్నారు. ఈ జాతిని నిజంగా పెంచినవారు పిల్లల విషయం, పిల్లుల విషయం వేరువేరుగా చెప్పగలిగితే మాకు మేలు చేసినవారవుతారు.

సైనిక్‌పురి నుండి

ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో విప్పెట్ ఉన్నది కనుక కొంత ధైర్యంగానే వ్రాస్తున్నాను. పిల్లల విషయంలో మీకు భయం అక్కరలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండులో గని కార్మికులు, మిల్లు కార్మికులు తమ చిన్న ఇళ్లలో, భార్యాబిడ్డల మధ్య పెంచుకున్న కుక్క ఇది. ఆదివారాలు మైదానానికి తీసుకుపోయి, ఒక చివర యజమాని గుడ్డ ఊపుతుంటే దానికోసం పరుగెత్తించేవారు. పేదవాడి పందెపు గుర్రమని దానికి పేరు వచ్చింది అందుకే. గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు రోజులో అధికభాగం సోఫా మీద దుప్పటి కప్పుకుని పడుకుంటుందంటే మొదట్లో మేమూ నమ్మలేదు. డిసెంబరు రాత్రుల్లో మా వాడు ముక్కుతో దుప్పటి ఎత్తి, మా అబ్బాయి పక్కన దూరి, మోకాళ్ల దగ్గర ముడుచుకుంటాడు.

నిజానికి జాగ్రత్త పడవలసింది పిల్లల కోసం కాదు, కుక్క కోసం. దాని చర్మం ఉల్లిపొర వంటిది, కింద కొవ్వు దాదాపు ఉండదు. మేడ మెట్ల దగ్గర బయటికి పొడుచుకొచ్చిన చిన్న తీగకు తొడ గీరుకుంటే మా వాడికి తొమ్మిది కుట్లు పడ్డాయి. వేరే కుక్కకైతే అది గీత కూడా కాదు. సంక్రాంతి రోజుల్లో డాబా మీదికి తీసుకువెళ్లడం పూర్తిగా మానేశాం, ఎందుకంటే మాంజా దారం మనిషి వేలినే కోసేస్తుంది. మీ మూడేళ్ల బాబు ఆటలో దాని వెన్ను మీద కూర్చోవడానికి ప్రయత్నిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. నిద్రలో ఉన్న కుక్కను తాకకూడదు, అది లేచి వెళ్లిపోతే వెంటపడకూడదు అనే రెండు నియమాలు మీ అమ్మాయికి ఒక పూటలో వస్తాయి. బాబుకు ఏడాది పడుతుంది. ఆ ఏడాదీ బాబునూ కుక్కనూ ఒకే గదిలో వదిలి మీరు వంటింట్లోకి వెళ్లకూడదు.

పిల్లుల మాటకు వస్తే, మా ఇంట్లోనూ ఒకటి ఉన్నది. ఇద్దరూ ఒకే పరుపు మీద పడుకుంటారు. కాబట్టి అసాధ్యమేమీ కాదు.

తార్నాక నుండి

పైన వ్రాసినవారి చివరి వాక్యం చూసి ఊరుకోలేక వ్రాస్తున్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం. ఇక్కడ చెలగాటం కుక్కది, ప్రాణం పిల్లిది. మా పక్కింటివారి దగ్గర ఇటువంటి జాతి వేటకుక్క ఒకటి ఉండేది. వాళ్ల పిల్లితో మూడేళ్లు ఒకే హాలులో, ఒకే ఏసీ గాలిలో పడుకున్నది. ఒక ఉదయం పాలవాడి కోసం తలుపు తెరిచినప్పుడు పిల్లి ఆవరణలోకి దూకి, మామిడిచెట్టు వైపు పరుగెత్తింది. కుక్క వెంట వెళ్లింది. ఆ ఇంటావిడ చేతిలోని గిన్నె కింద పెట్టేలోపే అంతా అయిపోయింది. తర్వాత అదే కుక్క ఆ పిల్లి పడుకునే చోట వాసన చూస్తూ రోజంతా తిరిగిందట. దానిలో కోపం లేదు, పగ లేదు. అది పిల్లిని చూడలేదు, పరుగెత్తుతున్న వస్తువును చూసింది, అంతే.

వాసన పట్టి వెతికే కుక్కలు వేరు, కంటితో చూసి తరిమేవి వేరు. విప్పెట్ రెండో రకం. కన్ను పడ్డ తర్వాత చెవి పనిచేయదని పెంచేవారే ఒప్పుకుంటారు. తొమ్మిదేళ్ల పిల్లి తన సొంత ఇంట్లో ముసలితనం ప్రశాంతంగా గడపవలసిన సమయంలో, ఒక అతిథికి జడిసి మంచం కింద బతకాలా? మీ అత్తగారి మాటే సరైనది.

సైనిక్‌పురి నుండి

తార్నాకవారు చెప్పిన సంఘటన నిజమే అయి ఉంటుంది, నేను కాదనను. మా పిల్లి కూడా బయటికి పోదు, మేము పోనివ్వం. ఇంట్లో స్నేహం, బయట వేట అన్న తేడా ఈ జాతిలో ఉన్న మాట వాస్తవం, దాన్ని నేను మొదటే వ్రాయవలసింది. కానీ ఒకరింటి విషాదాన్ని జాతి మొత్తానికి తీర్పుగా ఇవ్వడం కూడా న్యాయం కాదు. నల్లగండ్లవారిది తొమ్మిదో అంతస్తు ఫ్లాట్, అక్కడ మామిడిచెట్టు లేదు, పాలవాడికి తెరిచే గేటూ లేదు. మరొక మాట: మా వాడు మా ఇంటికి వచ్చినప్పుడు వాడి వయసు తొమ్మిది వారాలు, పిల్లి అప్పటికే ఇంటి పెద్ద. మొదటి వారంలోనే ముక్కు మీద రెండు గీతలు గీసి పాఠం చెప్పింది. రెండేళ్ల కుక్క విషయంలో నా అనుభవం అక్కరకు రాకపోవచ్చు.

మెహదీపట్నం నుండి

అసలు విదేశీ జాతి ఎందుకన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. మనకు కారవాన్ అని కూడా పిలిచే ముధోల్ ఉన్నది, రాంపూర్ ఉన్నది. 2005లో తపాలా శాఖ స్వదేశీ కుక్కల మీద వేసిన నాలుగు బిళ్లలలో ముధోల్, రాంపూర్ రెండూ ఉన్నాయి. లేదంటే మన వీధికుక్క పిల్లను దత్తత తీసుకోవచ్చు, హైదరాబాదు ఎండకు అదే తట్టుకుంటుంది.

తార్నాక నుండి

ముధోల్ కూడా కంటితో తరిమే వేటకుక్కే. పిల్లికి దాని జాతీయత పట్టదు. పైగా వారు కొత్త కుక్కను కొనడం లేదు, ఇల్లు పోతున్న కుక్క గురించి అడుగుతున్నారు. అసలు ప్రశ్న దగ్గరే ఉందాం.

అల్వాల్ నుండి (వృత్తిరీత్యా పశువైద్యుణ్ణి)

కుక్కపిల్ల సుమారు మూడు వారాల వయసు నుండి పద్నాలుగు వారాల లోపు ఎవరెవరితో మసలుతుందో వాళ్లను జీవితాంతం తనవాళ్లుగా చూస్తుంది. సైనిక్‌పురివారి కుక్క ఆ వయసు దాటకముందే పిల్లిని చూసింది, జింక చూడలేదు. అంటే జింకకు పిల్లి అలవాటు కాదని అర్థం కాదు. అలవాటు చేయడం నెలల పని, కొన్ని కుక్కల విషయంలో ఎప్పటికీ పూర్తికాని పని. జాతి గురించి మీరందరూ వాదించుకుంటున్నారు గానీ, ఒకే ఈతలో పుట్టిన రెండు విప్పెట్‌లలో ఒకటి పిల్లిని చూసి ఆవులిస్తుంది, మరొకటి వణుకుతుంది. కనుక తేల్చవలసింది విప్పెట్ గురించి కాదు, జింక గురించి.

పరీక్ష కష్టమేమీ కాదు. కుక్కను బాగా నడిపించి, కొంత అలసిన తర్వాత, పట్టీ వేసి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఈ జాతికి తల కన్నా మెడ లావు, మామూలు కాలర్ సులువుగా జారిపోతుంది కాబట్టి లాగితే బిగుసుకునే మార్టింగేల్ కాలర్ కొనండి. పిల్లికి సజ్జ గాని, ఫ్రిజ్ పైభాగం గాని అందుబాటులో ఉండాలి, దాన్ని ఎవరూ చేతుల్లో పట్టుకుని కుక్క ముందుకు తీసుకురాకూడదు. కుక్క పిల్లిని చూడటం తప్పు కాదు. చూసిన తర్వాత పేరు పిలిస్తే తల తిప్పుతుందా, ఇష్టమైన తిండి ముక్కు దగ్గర పెడితే తింటుందా అన్నదే గమనించండి. తల తిప్పితే దారి ఉన్నది. ఒళ్లంతా బిగిసి, రెప్ప వేయకుండా, తిండిని కూడా మరచి చూస్తే, ఆ చూపు వేటలో మొదటి మెట్టు. తీసుకున్నా మొదటి కొన్ని నెలలు మీరు లేనప్పుడు వాటి మధ్య మూసిన తలుపు ఉండాలి. జాలీ తలుపు చాలదు, ఎందుకంటే నాలుగు అడుగుల అడ్డును నిలబడ్డచోటి నుండి దాటే కుక్క దోమల జాలీకి ఆగదు.

మెహదీపట్నంవారు ఎండ మాట ఎత్తారు. అది కొట్టిపారేయదగినది కాదు. మే నెలలో మన తారు రోడ్డు మీద చేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించకూడదు. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక తప్ప వేరే వేళ ఉండదు. విప్పెట్‌కు రోజూ స్వేచ్ఛగా పరుగెత్తే అవకాశం కావాలి, అది కంచె ఉన్న చోటే సాధ్యం. కొండాపూర్‌లోని కుక్కల పార్కు మీకు దగ్గరే. రోడ్డు పక్క ఖాళీ స్థలంలో పట్టీ విప్పితే ఉడుతను చూసి ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సర్వీస్ రోడ్డు మీదికి పోతుంది. ఏదైనా శస్త్రచికిత్స అవసరమైతే ఇది సన్నని వేటజాతి అని వైద్యునికి ముందే చెప్పండి, థయోపెంటోన్ వంటి పాత మత్తుమందుల నుండి ఇవి ఆలస్యంగా తేరుకుంటాయి. రేబిస్ టీకా కుక్కకే కాదు, పిల్లులకు కూడా వేయించాలి. ఎవరు గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటిలో కడిగి ఆసుపత్రికి వెళ్లడం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

నల్లగండ్ల నుండి

డాక్టరుగారు చెప్పినట్లే వరుసగా మూడు ఆదివారాలు జింకను మా ఇంటికి రప్పించాం. జరిగింది జరిగినట్లు వ్రాస్తున్నాను.

పిల్లలతో అది ఎంత ఒద్దికగా ఉన్నదో చెప్పలేను. మా బాబు రెండో ఆదివారం దాని మీదికి వాలితే, కసురుకోకుండా మెల్లగా లేచి బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్లి పడుకున్నది. అమ్మాయి చెవుల వెనుక నిమురుతుంటే కళ్లు మూసుకున్నది. అంతవరకు మావారి ముఖం వెలిగిపోయింది.

మూడో ఆదివారం బంగారి సజ్జ మీదికి ఎక్కి, తోక కిందికి వేలాడదీసింది. జింక ఒక ముందుకాలు నేల నుండి ఎత్తి అలాగే నిలిచిపోయింది. తోక కదలలేదు. ఉడికించిన కోడిమాంసం ముక్కను నేను దాని ముక్కుకు ఆనించాను; ఆ ముక్క తడి దాని మూతికి అంటుకున్నది గానీ నోరు తెరవలేదు. పేరు పిలిచాను. ఆడపడుచు పిలిచింది. నలభై వరకు లెక్కపెట్టాను, రెప్ప పడలేదు, కింది దవడ మాత్రం సన్నగా వణికింది. అప్పుడే మసి వంటింట్లో నుండి పడకగదిలోకి ఒక్క దూకు దూకింది. పట్టీ పట్టుకున్న మావారి అరచేయి చర్మం లేచిపోయింది. మసి ఆ రాత్రి బట్టల అలమారా వెనుక నుండి బయటికి రాలేదు.

సైనిక్‌పురి నుండి

మూడు ఆదివారాలు చాలా తక్కువ, అమ్మా. రెండు నెలలు ఓపిక పట్టి, దూరం నుండి మొదలుపెట్టి, పిల్లి కనబడినప్పుడల్లా ముక్క పెడుతూ పోతే మారిన కుక్కలను నేను చూశాను. అయితే మీరు వ్రాసిన ఆ నలభై లెక్క చదివి నాకూ ఒళ్లు జలదరించింది. నా ఇంట్లో అయితే ప్రయత్నిస్తానేమో. మూడేళ్ల బాబు తలుపులు తెరిచే వయసులో ఉన్న ఇంట్లో ప్రయత్నించమని చెప్పలేను. మూసిన తలుపు మీద ఆధారపడే ఏ ఏర్పాటైనా ఆ బాబు చేతిలో ఉన్నట్లే.

తార్నాక నుండి

ఆ చివరి మాట నాకు తట్టలేదు. నేను కుక్కనే చూస్తూ కూర్చున్నాను, తలుపు గడియ అందుకునే చేతిని చూడలేదు.

అల్వాల్ నుండి

నేనూ అదే చెబుతాను. అభ్యాసంతో ఆ చూపును తగ్గించవచ్చు, కాని తగ్గేవరకు ఒక్క పొరపాటు కూడా జరగకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్క పొరపాటు కూడా జరగకుండా ఉండటం ఎవరి తరమూ కాదు, మీ తప్పు అంతకన్నా కాదు. పట్టీ పట్టిన చేతికి మందు రాయించారా?

నల్లగండ్ల నుండి

చేయి మానిపోయింది, ధన్యవాదాలు. జింకను మేము తీసుకోవడం లేదని నిన్న రాత్రి చెప్పేశాం. అమ్మాయి ఏడ్చింది, మా అత్తగారు గెలిచినట్లు మాట్లాడలేదు సరికదా, జింకకు పెరుగన్నం కలిపి పంపారు. ఆగస్టు లోపు దానికి ఇల్లు చూడాలి. సైనిక్‌పురివారికి విప్పెట్‌లు పెంచే వేరే కుటుంబాలు తెలిసి ఉంటాయి కనుక అడుగుతున్నాను: పిల్లులు, కుందేళ్లు లేని ఇల్లు కావాలి, ఆరడుగుల ప్రహరీ ఉంటే మరీ మంచిది, చలికాలంలో దుప్పటి ఇవ్వాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నా ఇబ్బంది లేదు.